క్లచ్ కాలు

ఆ బస్సు డిపోలో డ్రైవరుకు బండి రాసిస్తారు. ఆస్తి రాసిచ్చినట్టు కాదు. ఉదయం షిఫ్టుకు ఒకరు, మధ్యాహ్నం షిఫ్టుకు ఒకరు అని రెండు పేర్లు బోర్డు మీద ఎక్కిస్తారు. ఇక ఆ బండి మంచీచెడూ ఆ ఇద్దరివే. పేరు ఎక్కనివాళ్లను రిలీఫ్ డ్రైవర్లంటారు. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల బండి నడపాలి, ఎవరూ పెట్టకపోతే షెడ్డు పక్కనున్న బెంచీ మీద కూర్చుని ఈగలు తోలుకోవాలి. ఏ పూట పని పడుతుందో, ఏ వేళకు ఇల్లు చేరతారో వాళ్లకే తెలియదు.

మన కథలో మనిషి ఆ బెంచీ మీద చాలా ఏళ్లు కూర్చుంది. డిపోలో ఆమెను పొట్టి డ్రైవరు అంటారు. మొహం మీద అన్నా ఆమె ఏమీ అనుకోదు. తన ఎత్తు సంగతి తనకు తెలుసు. వీపు వెనక దిండు పెట్టుకుంటే గాని క్లచ్ అడుగుదాకా కాలు అందదు. అలాంటి మనిషి పేరు కిందటేడు బోర్డెక్కింది, అదీ ఉదయం షిఫ్టుకు. తెల్లవారి బండి తీస్తే మధ్యాహ్నం భోజనం వేళకు ఇంట్లో ఉండొచ్చు. కొన్నాళ్లకు కండక్టరుగా ఉన్న మొగుణ్ణి కూడా అదే బండికి వేశారు. ఇంట్లో ఆయన మాట ఆమె ఏపాటి వింటుందో మనకు తెలియదు గాని, బండిలో మాత్రం ఆయన రెండు బెల్లులు కొడితే కదలాలి, ఒకటి కొడితే ఆగాలి. డిపోలో జనానికి ఇదో వినోదం.

పెళ్లయిన చాలా కాలానికి ఆమె కడుపు పండింది. సంతోషం ఒక పక్కన ఉండగానే ఆమె లెక్కలు వేసుకుంది. ఎనిమిదో నెలలో ప్రసవం సెలవు మొదలవుతుంది. అప్పటిదాకా బండి నడిపితే, సెలవులో ఉన్నన్నాళ్లూ బోర్డు మీద పేరు అలాగే ఉంటుంది. తిరిగొస్తే అదే బండి, అదే షిఫ్టు, మధ్యాహ్నానికి బిడ్డ దగ్గర. కానీ ఈలోపు జబ్బు పేరుతో సీట్లోంచి దించితే దాన్ని అన్‌ఫిట్ అంటారు. పేరు చెరిపేసి ఇంకొకరిది రాస్తారు. అప్పుడు మళ్లీ ఆ బెంచీయే గతి. చంటిబిడ్డను ఇంట్లో వదిలి, ఏ పూటకు పిలుస్తారో తెలియక అక్కడ పడిగాపులు పడడం తలుచుకుంటేనే ఆమెకు గుండె జారిపోయేది. ఎలాగోలా సెలవు దాకా నెట్టుకొస్తే చాలనుకుంది.

ఐదో నెలలో నొప్పి మొదలైంది. పొత్తికడుపు దిగువన, ముందువైపు ఎముకలు కలిసే చోట, మేకు దిగేసి అటూ ఇటూ ఆడిస్తున్నట్టు పోటు. వెనక తుంటి దగ్గర ఒకటే సలుపు. కదలకుండా కూర్చుంటే ఏమీ లేనట్టే ఉండేది. లేచినా, మెట్టెక్కినా, మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగినా ప్రాణం కడబట్టేది. డ్యూటీ ప్యాంటు తొడుక్కోవడానికి ఒక కాలు ఎత్తితే కళ్లలో నీళ్లు గిర్రున తిరిగేవి. గోడ పట్టుకుని కాసేపు ఆగి, మళ్లీ రెండో కాలు ఎత్తేది.

అత్తగారు వంటింటి గుమ్మంలోంచి ఇదంతా గమనిస్తూనే ఉంది.

“ఏమిటే ఆ నడక, బాతులాగా?”

“ఏం లేదత్తయ్యా. కాళ్లు పట్టేశాయి.”

“కడుపుతో ఉన్న మనిషికి నొప్పులు రాక రాజ్యాలొస్తాయా? మాకూ వచ్చాయి, వాటంతటవే పోయాయి. అలాగని నిన్ను ఓర్చుకోమనడం లేదు. నేను ఓర్చుకుని బావుకున్నదేం లేదు. వెళ్లి చూపించుకో.”

ఆవిడ ఏ మాటా తిన్నగా చెప్పదు, ముందు ఒక మొట్టికాయ వేసి తర్వాత మందు రాస్తుంది. కోడలికి అది అలవాటే. ఆ వారమే మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. కాన్పుల డాక్టరు బిడ్డ బాగుందని చెప్పి, నొప్పి సంగతి ఫిజియోథెరపిస్టు చూస్తారని కింది అంతస్తుకు పంపింది.

కింద ఒక పొడుగాటి గది. ఒక ఎత్తు మంచం, గోడ నిండా అద్దం, మూలన రబ్బరు బంతులు. ఫిజియో సన్నగా రివటలా ఉన్న అమ్మాయి, చేతులు మాత్రం ఇనపవి. పొట్టి డ్రైవరును వెల్లకిలా పడుకోబెట్టి కాలు ఒక్కొక్కటీ ఎత్తమంది. కుడికాలు ఎలాగో లేచింది. ఎడమకాలు మంచానికి అతికించినట్టు ఉండిపోయింది. ఫిజియో తుంటి ఎముకలను రెండు పక్కల నుంచీ అరచేతులతో గట్టిగా నొక్కి పట్టి, ఇప్పుడు ఎత్తమంది. లేచింది. పొట్టి డ్రైవరు తన కాలినే వింతగా చూసుకుంది.

“చూశారా? కాలిలో బలం పోలేదు,” అంది ఫిజియో. “తుంటి ఎముక ఒకే ముక్క కాదండీ. వెనక రెండు చోట్ల, ముందు ఒకచోట అతుకులుంటాయి. బిడ్డకు దారి కావాలి కాబట్టి ఈ నెలల్లో అవి కొంచెం వదులవుతాయి. రెండు వైపులా సమానంగా బరువు పడితే గొడవ లేదు. ఒకవైపే పడితే ఆ అతుకు దగ్గర లాగుతుంది. అదే మీ నొప్పి.”

“బిడ్డకేమన్నా...”

“బిడ్డకేం కాదు. బాధంతా మీకే. మీరేం పని చేస్తారు?”

తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు గొంతు సవరించుకున్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. డ్రైవరునని చెబితే కాగితం మీద అదే రాస్తారు, ఆ కాగితం డిపోకు వెళితే అన్‌ఫిట్ అంటారు.

“కూర్చుని చేసే పనేనండీ,” అంది.

“అయితే అదృష్టవంతులు. నిలబడి చేసేవాళ్లను చూస్తే నాకే జాలేస్తుంది.”

అబద్ధమని ఎవరూ వేలెత్తి చూపలేరు. బస్సు ఎవరూ నిలబడి నడపరు. ఫిజియో నమ్మి, చెప్పాల్సినవన్నీ చెప్పింది. పొట్ట మీద కాదు, పొట్ట కింద తుంటి చుట్టూ బిగించే బెల్టు ఇచ్చింది. మంచం మీద తిరిగేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపి తిప్పాలి. పడుకుంటే వాటి మధ్య దిండు. బట్టలు కూర్చుని తొడుక్కోవాలి. అడుగులు చిన్నవి. మెట్టు మెట్టుకూ రెండు కాళ్లూ కలవాలి. మోకాళ్ల మధ్య బంతి పెట్టి మెత్తగా నొక్కుతూ చేసే వ్యాయామం రోజూ చేయాలి.

“తొందరగానే వచ్చారు, కొన్ని వారాల్లో దారికొస్తుంది. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఒంటికాలి మీద భారం వేయకూడదు,” అని పంపింది.

ఇంట్లో ఆమె ఒక్క ముక్క తప్పలేదు. మొగుడు పక్కనే నిలబడి, “కలిపి, కలిపి, రెండు కాళ్లూ కలిపి,” అని బస్సులో చిల్లర అడిగినట్టు అడుగుతూనే ఉండేవాడు. అత్తగారు తన పాత పరుపులోని దూది తీసి మోకాళ్ల మధ్యకు సరిపడా దిండు కుట్టిపెట్టింది. సాయంత్రానికి నొప్పి సగానికి సగం తగ్గేది. పొద్దున్నే డిపోకు వెళ్లి క్యాబిన్‌లోకి ఎక్కి, క్లచ్ తొక్కితే మళ్లీ మొదటికొచ్చేది. ఆ పెడలును ఎడమకాలు ఒక్కటే అడుగుదాకా తొక్కాలి, తొక్కి పట్టుకోవాలి, మెల్లగా వదలాలి. స్టాపు స్టాపుకూ, గేరు గేరుకూ అదే పని. ఒంటికాలి మీద భారం వేయొద్దని ఫిజియో చెప్పింది క్లచ్‌ను చూసే చెప్పిందేమోనని ఆమెకు అనుమానం.

బండి దిగడం ఆమె ఆలోచనల్లోనే లేదు. కాబట్టి క్లచ్ మానేద్దామనుకుంది.

డ్రైవరు కానివాళ్లకు ఇది పిచ్చిమాటలా ఉంటుంది. క్లచ్ తొక్కకుండా గేరు మార్చే విద్య ఒకటుంది. యాక్సిలేటరు వదిలిన క్షణంలో ఇంజను మోత ఒకలా మారుతుంది. అది విని గేరు తీయాలి, మోత ఇంకొంచెం దిగాక పై గేరులోకి జార్చాలి. చెవి తప్పితే గేరు పళ్లు నూరుకుంటాయి. దారిలో క్లచ్ తెగిపోతే బండిని డిపో దాకా తెచ్చుకోవడానికి పాతకాలపు డ్రైవర్లు నేర్చుకున్న విద్య ఇది. ఆమెకు నేర్పింది అదే బండికి మధ్యాహ్నం షిఫ్టు డ్రైవరు. చుట్టరికం ఏమీ లేదు, ఆమె ఆయన్ను బాబాయ్ అంటుంది. రిటైరవడానికి ఇక కొద్ది నెలలే ఉన్న మనిషి. ఒక మోకాలు అరిగి కుంటుతూ నడుస్తాడు గాని, సీట్లో కూర్చుంటే బండిలో నీళ్ల గ్లాసు తొణకదు. “ఇది అవసరానికే గాని అలవాటుకు కాదమ్మాయ్,” అని చెప్పి మరీ నేర్పాడు.

ఆమె దాన్ని అలవాటు చేసుకుంది. ఆగిన బండిని కదిలించడానికి క్లచ్ తప్పదు, అది ఒక్కసారి తొక్కేది. తర్వాత గేర్లన్నీ చెవితోనే. తన ఒంటికి చేయాల్సిన వైద్యం బండికి చేసింది.

మొగుడు కూడా తన వంతు వైద్యం చేశాడు. స్టాపు ఉంటేనే కదా బండి ఆగేది, ఆగితేనే కదా క్లచ్ తొక్కేది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు స్టాపుల్లో ఒకటి ఆయన ఎగ్గొట్టేవాడు. “ఇక్కడెందుకమ్మా, ముందు స్టాపులో దిగి నాలుగడుగులు వెనక్కి నడిస్తే ఒంటికి మంచిది,” అని పెద్దవాళ్లకు ఆరోగ్యసూత్రాలు చెప్పేవాడు. కొందరు తిట్టుకుంటూ దిగారు. ఒకాయన, బస్సు టిక్కెట్టుకు నడక కూడా కలిపి అమ్ముతున్నారా అని అడిగాడు.

ఇలా నెల పైనే గడిచింది. ఆమె చెవి మంచిదే. కానీ నొప్పి పొడిచిన క్షణంలో ఏ చెవీ పనిచేయదు. రోజుకు కొన్నిసార్లు గేర్లు గరగరమనేవి. ఆ చప్పుడుకు ఆమె పళ్లు గిట్టకరుచుకునేది, బయటికి మాత్రం ఏమీ జరగనట్టు ముందుకే చూసేది. ఫిజియో దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఆ అమ్మాయి తల గోక్కునేది. “అన్నీ సరిగ్గానే చేస్తున్నారు, అయినా ఎడమవైపు తగ్గడం లేదు. పనిలో ఏమైనా తేడా ఉందా?” అని అడిగేది. ఈమె ఏమీ లేదని చెప్పి వచ్చేసేది.

ఒక ఉదయం బండి మూడో గేరులో బిగుసుకుపోయి రోడ్డు మీదే నిలబడింది. లాక్కొచ్చి షెడ్డులో గేర్‌బాక్సు విప్పారు. మెకానిక్ మేస్త్రి లోపలి నుంచి విరిగిన పళ్లు రెండు మూడు తీసి గుడ్డ మీద పెట్టాడు.

“ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. ఎవరో క్లచ్ సరిగ్గా తొక్కడం లేదు,” అన్నాడు.

ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆ బండికి డ్రైవర్లు ఇద్దరే. ఒకరు మోకాలరిగిన ముసలాయన. ఇంకొకరి మీద ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు. మధ్యాహ్నానికల్లా డిపో మొత్తం తేల్చేసింది, ముసలాయన కాలు ఇక పనికిరాదని. మర్నాడు వచ్చి సంజాయిషీ ఇచ్చుకోమని మేనేజరు ఆయనకు కబురు పెట్టాడు. తప్పు తేలితే చివరి నెలలు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, వచ్చిపోయే బళ్ల నెంబర్లు చెప్పాలి. ఇన్నేళ్లు డ్రైవరుగా బతికిన మనిషికి అంతకంటే తలవంపులు ఉండవు.

ఇంటికి వచ్చాక ఆమె అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

“నువ్వు నోరు మెదపకు,” అన్నాడు మొగుడు. “ఆయన ఎలాగూ దిగిపోయే మనిషి. సీట్లో దిగిపోతేనేం, గేటు దగ్గర దిగిపోతేనేం. మనకు ముందు చాలా ఉంది.”

ఆయన చెడ్డవాడు కాదు. పెళ్లాం, పుట్టబోయే బిడ్డ, ఉదయం షిఫ్టు, ఇవి మూడూ ఆయన కళ్లకు ఒకే వరసలో కనబడుతున్నాయి, మిగిలిందేదీ కనబడడం లేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ ఆ మాట విన్నప్పుడు కొంచెం ఊరటగానే అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. అత్తగారు కంచం తీయడానికి వచ్చి, అన్నం అలాగే ఉండడం చూసింది.

“ఆ బండేమన్నా పుట్టింటి నుంచి తెచ్చుకున్నావా, అంత పట్టుకు వేలాడుతున్నావు?” అంది. కంచం ఎత్తి, “తినకపోతే లోపలున్నది ఊరుకోదు. నాలుగు ముద్దలు తిని ఆ తర్వాత ఏడు,” అని కంచం మళ్లీ అక్కడే పెట్టి వెళ్లింది.

మర్నాడు ఆమె డిపోకు వెళ్లేసరికి బాబాయ్ అప్పటికే మేనేజరు గదిలో ఉన్నాడు. తలుపు ఓరగా తీసి ఉంది. ఆమె ఏం చేయాలో తేల్చుకోకుండానే వచ్చింది. వరండాలో గోడకు ఆనుకుని నిలబడి వింది.

“మీ కాలి సంగతి మాకు తెలియంది కాదు,” అంటున్నాడు మేనేజరు. “క్లచ్ పూర్తిగా తొక్కడం లేదా?”

“తొక్కడం లేదేమో సార్. వయసైపోయింది. ఈ మధ్య కాలు నా మాట వినడం లేదు. ఎక్కడ సంతకం పెట్టమంటారు?”

ఆయన క్లచ్ తొక్కడం తను రోజూ చూస్తోంది. మధ్యాహ్నం బండి అప్పగించి, తను కిందికి దిగి నిలబడితే, ఆయన బండి కదిలించిన సంగతి కూడా తెలియనంత మెత్తగా వెళ్లిపోయేవాడు. ఆ కాలు ఆయన మాట వింటుంది. ఈ డిపోలో క్లచ్ లేకుండా గేరు వేయడం తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకరు నేర్పినవాడు, ఇంకొకరు నేర్చుకున్నది. ఆయనకు అంతా తెలుసని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆమె తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లింది.

“సార్, ఆ సంతకం పెట్టించకండి. గేర్‌బాక్సు పాడుచేసింది నేను.”

మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. బాబాయ్ తల తిప్పి, “అమ్మాయ్, నువ్వు బయటికి నడు,” అన్నాడు. ఆమె కదల్లేదు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది, క్లచ్ ఎందుకు మానేసింది, అన్నీ వరసగా చెప్పింది. నడుము కింది ఎముకల గురించి మగవాళ్ల ముందు చెప్పాల్సి వచ్చినా తడబడలేదు. మేనేజరు విని, కిటికీ బయటికి చూసి, మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆయన కోప్పడి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది.

“నొప్పి వచ్చిన రోజే చెప్పాల్సింది కదమ్మా.”

“చెబితే బండి పోయేది కదండీ.”

“ఇప్పుడు మాత్రం ఉంటుందా?”

“ఉండదండీ.”

ఆమెను అన్‌ఫిట్‌లో వేశారు. సెలవు మొదలయ్యేదాకా విచారణ కౌంటరులో కూర్చుని, ఏ బస్సు ఎప్పుడు వస్తుందో అడిగినవాళ్లకు చెప్పాలి. బండిని పాడుచేసినందుకు ఒక హెచ్చరిక కూడా రాశారు. ముసలాయన మీద రాసిన కాగితం చించేశారు.

వరండాలోకి వచ్చాక బాబాయ్ ఆమె మీద విరుచుకుపడ్డాడు, అదీ గొంతు పెంచకుండా.

“నీకు బుద్ధుందా? డిపో మలుపులో బండి తిరుగుతుంటే టీ బంకు దగ్గర్నుంచి రోజూ వింటున్నాను. ఆ మోత నాకు తెలీదా? నేను నేర్పిందే కదా. ఎందుకు చేస్తున్నావో నీ నడక చూస్తే తెలుస్తోంది. నేను పోయేవాణ్ణి, నువ్వు ఉండాల్సినదానివి. ఎవరు మిగలాలో ఆ మాత్రం తెలీదా?”

“తెలుసు బాబాయ్. కానీ గేరు పళ్లు విరగ్గొట్టింది మీరని కాగితం మీద రాస్తే, మీ దగ్గర నేర్చుకున్నానని నేనెక్కడ చెప్పుకోను?”

ఆయన జేబులో రుమాలు తీసి మొహం తుడుచుకుని, షెడ్డు వైపు కుంటుకుంటూ వెళ్లిపోయాడు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

సాయంత్రం ఆమె ఫిజియో దగ్గరకు వెళ్లి నిజం చెప్పింది. ఫిజియో చేతిలో బంతి చేతిలోనే ఉండిపోయింది.

“కూర్చుని చేసే పనన్నారు కదండీ?”

“కూర్చునే చేస్తానండీ.”

“నేను కుర్చీ అనుకున్నాను,” అంది ఫిజియో. నవ్వలేదు. ఎత్తు మంచం మీదికి రమ్మని సైగ చేసి, ఆ పెడలు ఎంత గట్టిగా ఉంటుంది, ఎంత దూరం తొక్కాలి, ఎన్నిసార్లు, సీటు ఎంత ఎత్తు, దిండు ఎంత మందం, అన్నీ అడిగి తెలుసుకుంది. తిడుతుందేమోనని పొట్టి డ్రైవరు ఎదురుచూసింది. చివరికి ఆ అమ్మాయి అడిగింది, “ఈ వైద్యం అయ్యాక మీరు ఏం చేయగలగాలి? కొందరు మెట్లెక్కాలంటారు, కొందరు నిద్రపోవాలంటారు.”

“క్లచ్ తొక్కాలండీ.”

“బండి ఇప్పుడు లేదన్నారు?”

“లేదండీ. అయినా తొక్కాలి.”

ఫిజియో అదే రాసుకుంది. మొదటి వారం చేతికర్రలు ఇచ్చి, కాలి మీద బరువు పడకుండా నడిపించింది. తన ఇనప చేతులతో తుంటి వెనక బిగుసుకున్న కండలను వదులు చేసింది. మోకాళ్ల మధ్య బంతి, పొట్ట లోపలి కండరాలు మెల్లగా బిగించడం, పక్కకు పడుకుని మోకాలు కొద్దిగా ఎత్తడం. వ్యాయామాలు పాతవే. రోజూ పొద్దున్నే వాటిని పాడుచేసే పని మాత్రం ఇప్పుడు లేదు.

విచారణ కౌంటరు అద్దంలోంచి బోర్డు కనబడుతుంది. ఒకరోజు గుమాస్తా తడిగుడ్డ తెచ్చి ఆమె పేరు తుడిచాడు. బెంచీ మీదున్న కుర్రాడి పేరు రాశాడు. ఆ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, బోర్డు ముందు నిలబడి, తన పేరును రెండు మూడుసార్లు చదువుకున్నాడు. కిందటేడు ఆమె కూడా అలాగే చదువుకుంది. వాణ్ణి తిట్టుకుందామనుకుంది గాని తిట్టు రాలేదు. కిటికీ దగ్గర ఎవరో ఆస్పత్రికి వెళ్లే బస్సు ఎప్పుడని అడుగుతున్నారు, వాళ్లకు చెప్పింది.

బాబాయ్ నాలుగో రోజుకు మెత్తబడ్డాడు. మధ్యాహ్నం బండి తీసుకోబోతూ కౌంటరు దగ్గర ఆగి, కొత్త కుర్రాడు గేరు వేస్తే గుండె ఆగిపోతోందని ఫిర్యాదు చేశాడు. “వాడికీ నేర్పండి,” అందామె. ఒకసారి నేర్పి అనుభవించింది చాలని ఆయన విసుక్కుంటూ వెళ్లాడు. ఇంట్లో మొగుడు కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. కొత్త డ్రైవరు తన బెల్లు వినిపించుకోవడం లేదని తెలిశాక, ఆయనకు పెళ్లాం మీద కోపం పోయింది.

వారాలు గడిచేకొద్దీ కర్రలు మూలన పడ్డాయి. ఆమె మెట్లు ఎక్కుతోంది, మంచం మీద మూలుగు లేకుండా తిరుగుతోంది. అత్తగారు బాతు అనడం మానేసింది. ఏడో నెల చివర్లో ఒక సాయంత్రం ఫిజియో ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. వీపు వెనక ఒక దిండు పెట్టి, తను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ పాదానికి రెండు అరచేతులూ అడ్డం పెట్టింది. మొగుడు తలుపు దగ్గర సంచీ పట్టుకుని నిలబడ్డాడు.

“ఇదే మీ క్లచ్ అనుకోండి. మెల్లగా తొక్కండి. నొప్పి మొదలైన చోట ఆపేయండి.”

ఆమె తొక్కింది. ఫిజియో చేతులు కొంచెం వెనక్కి జరిగాయి.

“నొప్పా?”

“లేదండీ.”

“ఇంకొంచెం.”

ఇంకొంచెం తొక్కింది. ఫిజియో తన ఒంటి బరువంతా ఆ చేతుల మీద వేసి ఆపింది. అయినా పాదం ఆమెను నెట్టుకుంటూ వెళ్లింది. మోకాలు పూర్తిగా చాపుకుంది. అంతకంటే తొక్కడానికి ఏమీ లేదు. పొట్టి డ్రైవరు అక్కడే పట్టి ఉంచింది, తర్వాత నిండా జనమున్న బండిని ఎత్తు మీద కదిలించేటప్పుడు వదిలినట్టు, కొంచెం కొంచెంగా వదిలింది. ముందువైపు అతుకు దగ్గర పోటు వస్తుందని ఎదురుచూసింది. రాలేదు.

ఫిజియో నుదుటి మీద చెమట తుడుచుకుంది. “అడిగింది ఇచ్చేశాను,” అంది సంతోషంగా. “ఇంతకీ సెలవు ఎప్పటి నుంచి?”

“వచ్చే వారం నుంచండీ. తిరిగొచ్చినా బండి ఉండదు.”

ఆ అమ్మాయి మొహంలో నవ్వు కాసేపు అలాగే నిలిచి, తర్వాత తగ్గింది. లేచి బంతులు సర్దడానికి మూలకు వెళ్లింది.

మొగుడు దగ్గరికి వచ్చి సంచీ కింద పెట్టాడు. ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. ఆయనకు కంగారు పుట్టింది.

“ఏమైంది? నొప్పి వచ్చిందా?”

“లేదండీ,” అందామె, చాపిన ఎడమకాలిని చూసుకుంటూ. “అస్సలు లేదు.”